వరద నీళ్లలో దేవుడున్నాడా?

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు కింది అంతస్తు మొత్తం మునిగి మేడ మీదే ఉండిపోయాం. అప్పటినుంచి ఇంజనీరింగ్ చదువుతున్న మా అబ్బాయిది ఒకటే వాదన. దేవుడంటే పైనెక్కడో కూర్చున్నవాడు కాదమ్మా, ఈ ప్రకృతే దేవుడు, స్పినోజా అనే తత్వవేత్త ఎప్పుడో చెప్పాడు, మీ బైబిల్లో కూడా "మనమాయనయందు బ్రదుకుచున్నాము" అని ఉందిగా అంటాడు. ఇంకోసారేమో ప్రపంచమంతా దేవుడిలోనే ఉంది, ఆయన ఇంకా పెద్దవాడు, దాన్ని పానెంథీయిజం అంటారు, క్రైస్తవులే కొందరు ఒప్పుకుంటారు అంటాడు. నాకు టెన్షన్‌గా ఉంది.
– ఒక సోదరి, విజయవాడ

జవాబు: అమ్మా, వందనాలు. ముందు అబ్బాయిని కసరకండి. దేవుడు పైనెక్కడో కూర్చున్నవాడు కాదన్న మాటలో అతను చెప్పింది నిజమే. నేను భూమ్యాకాశాలంతట ఉన్నవాణ్ని కానా అని యిర్మీయా గ్రంథంలో దేవుడే అడుగుతాడు. గుడి కట్టించిన సొలొమోనే, ఆకాశాలే నిన్ను పట్టలేవు, ఈ మందిరం ఎలా పడుతుంది అన్నాడు. లోకాన్ని చేసేసి దూరంగా వెళ్లిపోయిన దేవుడు బైబిల్ దేవుడు కాడు.

కానీ అంతటా ఉండటం వేరు, అంతా తానే కావడం వేరు. స్పినోజా తేలిగ్గా తీసిపారేయాల్సిన మనిషి కాదు, 1656లో ఆమ్‌స్టర్‌డాం యూదు సమాజం వెలివేసినా తన ఆలోచన వదల్లేదు, ముఖ్యమైన పుస్తకం ఆయన పోయాకే 1677లో అచ్చయింది. అయితే అందులో ఆయనే నిజాయితీగా ఒక మాట రాశాడు: దేవుణ్ణి ప్రేమించేవాడు, దేవుడు తిరిగి తనను ప్రేమించాలని కోరుకోలేడు. ప్రకృతే దేవుడైతే అంతే కదా మరి, ప్రకృతికి మీరెవరో తెలియదు. అబ్బాయిని ఈ ఒక్క మాట దగ్గర కాసేపు ఆగమనండి.

ఇక అతను చెప్పిన వచనం అపొస్తలుల కార్యములు 17లోది. ఏథెన్సులో పౌలు మాట వింటున్నవాళ్లలో స్తోయికులున్నారు, లోకమంతా దైవం నిండి ఉందని నమ్మేవాళ్లు. వాళ్ల కవుల మాటనే పౌలు వాడుకున్నాడు, అందులో తప్పేం లేదు, కానీ మొదలుపెట్టింది మాత్రం జగత్తును, అందులోని సమస్తాన్ని చేసిన దేవుడు అంటూ, ఆయనకు ఏమీ కొదువ లేదు అంటూ. 24, 25 వచనాలు వదిలేసి 28 ఒక్కటే చదివితే పౌలు చెప్పనిది అతని నోట పెట్టినట్టే.

మీ మేడ సంగతికి వద్దాం, నాకు అసలు ప్రశ్న అక్కడే ఉందనిపించింది. అంతా దేవుడే అయితే మీ ఇంట్లోకి వచ్చిన ఆ బురదనీళ్లూ దేవుడే, అప్పుడు ఎవరికి మొరపెట్టుకోవాలి? "దేవా, జలములు నా ప్రాణముమీద పొర్లుచున్నవి" అని 69వ కీర్తనలో ఒకాయన ఏడ్చాడంటే ఆ నీళ్లు కానివాడు ఒకడు వింటున్నాడన్న నమ్మకంతోనే. ఏలీయా ప్రవక్త ముందు పెనుగాలి, భూకంపం, నిప్పు వచ్చాయి, వాటిలో యెహోవా లేడని 1 రాజులు 19 చెబుతుంది. అంటే దూరంగా ఉన్నాడని కాదు. ఆ మేడ మీద ఆయన మీతోనే ఉన్నాడు. నీళ్లకూ ఆయనకూ తేడా ఉంది కాబట్టే ఆ తోడుకు అర్థముంది.

పానెంథీయిజం దగ్గర కొంచెం ఓపిక కావాలి, ఆ పేరు కింద రకరకాల మనుషులున్నారు. 1943లో హాంబర్గ్ బాంబుదాడి చూసి, తర్వాత యుద్ధఖైదీగా ఉన్న జర్మన్ వేదాంతి మోల్ట్‌మన్, దేవుడు లోకం బాధను తనలోకి తీసుకుంటాడని రాశాడు. ఆయన్ని చదివితే నాకు సిలువ ఇంకా దగ్గరగా కనిపిస్తుంది. దేవుని స్వరూపం మనకందదు, ఆయన శక్తులు మాత్రం సృష్టిలో నిజంగా పనిచేస్తున్నాయని 14వ శతాబ్దపు గ్రీకు వేదాంతి గ్రెగొరీ పలమాసు చెప్పాడు, తూర్పు ఆర్థడాక్స్ సంఘాలు ఈనాటికీ అదే నమ్ముతాయి. వైట్‌హెడ్, హార్ట్‌షోర్న్ అనే తత్వవేత్తల దారిలో వెళ్లినవాళ్లు మాత్రం లోకం లేకపోతే దేవుడూ పూర్తి కాడన్నంత దూరం వెళ్లారు, అక్కడికి నేను వెళ్లలేను. అవసరం కొద్దీ చేసిన సృష్టి ప్రేమతో ఇచ్చినది ఎలా అవుతుంది?

జగత్తు భగవంతుని శరీరమన్న రామానుజుల మాట మీ అబ్బాయి వినే ఉంటాడు. చాలా లోతైన మాట అది, గౌరవంగా మాట్లాడమనండి. మనం మాత్రం దేవుడు శరీరం ధరించాడన్న మాట యేసు ఒక్కడి గురించే అంటాం, సృష్టి ఏమీ లేనిచోట నుంచి ఆయన మాటతో కలిగిందంటాం.

ప్రశ్న: చెట్లు, చెరువుల గురించి మాట్లాడితే మా సంఘంలో కొందరు అది ప్రకృతి పూజ అంటున్నారు. నిజమా?
– ఒక యువకుడు, గుంటూరు

జవాబు: కాదు తమ్ముడూ. "భూమియు దాని సంపూర్ణతయు" యెహోవావే అని 24వ కీర్తన. పూజించొద్దంటే పాడుచేయమని కాదు. ఆదికాండము 2:15లో తోటను సేద్యం చేయమనీ, కాయమనీ ఆదాముకు అప్పగించాడు. ఆ వచనం చూపించి, వచ్చే ఆదివారం కూడిక అయ్యాక మొక్కలు నాటడానికి పెద్దలను కూడా పిలువు.