వేడి మీద బోటు ఇంజిన్ అందుకోకపోతే ముందు ప్లగ్ విప్పండి, కార్బొరేటర్ కాదు

పొద్దున ఒక్క లాగుకే అందుకునే పెట్రోల్ బోటు ఇంజిన్, గంటసేపు నడిచి వేడెక్కాక ఆపితే మళ్లీ ఎందుకు రాదు, అర గంట చల్లారితే మాత్రం ఏమీ జరగనట్టు ఎందుకు స్టార్ట్ అవుతుంది అని అడిగారు. కార్బొరేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) రెండుసార్లు సర్వీసింగ్ చేయించానని కూడా రాశారు. ఇంకోసారి చేయించకండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి పోయింది ఇగ్నిషన్ కాయిల్ (పెట్రోల్‌ను మండించే స్పార్క్ ప్లగ్‌కు కరెంటు ఇచ్చే భాగం) అని నేను గట్టిగా అంటాను.

మాది దేవరకొండ అవతల, నాగార్జునసాగర్ బ్యాక్‌వాటర్ ఒడ్డు. ఇంట్లో చేపల వేట, ఎనిమిది హార్స్‌పవర్ టూ స్ట్రోక్ ఇంజిన్. మా ఇంజిన్‌కు పట్టిన రోగం కూడా అచ్చం ఇదే. వలలు తీయడానికి ఇంజిన్ ఆపుతాం, తీసేసరికి పావుగంట, అంతే, ఇక తాడు ఎంత లాగినా ఉలకదు పలకదు. ఆటోలో వేసుకుని టౌన్‌కు పోతే మెకానిక్ షాపు ముందు దించేసరికి చల్లారిపోయేది, అతను లాగగానే స్టార్ట్. కార్బొరేటర్ లోపలి జెట్ కడిగి, ఫ్లోట్ చూసి, కొత్త ప్లగ్ వేసి డబ్బులు తీసుకునేవాడు. వేడి మీద వచ్చే రోగాన్ని చల్లారాక వెతికితే ఎట్లా దొరుకుతుంది? ఇంజిన్‌ను ఒక గంట నీళ్ల డ్రమ్ములో నడిపించి, ఆపి, అప్పుడు చూడు అంటే టైం లేదనేవాడు. నాకు కోపం వచ్చేది అక్కడే. ఇక్కడ బైక్ మెకానిక్‌లే బోటు ఇంజిన్లు చూస్తారు, చేయి మంచిదే, కానీ రోగం కనిపించే పరిస్థితిలో చూడరు.

ఒక మే నెల మధ్యాహ్నం, నేనూ చిన్నాయనా నీళ్ల మధ్యలో ఉండగా మళ్లీ ఆగింది. ఎండ సంగతి నల్గొండ వాళ్లకు చెప్పక్కర్లేదు, ఇంజిన్ మూత మీద చెయ్యి పెట్టలేం. పైగా పడమర దుమారం లేస్తోంది, బోటు మెల్లగా రాళ్ల గుట్ట వైపు కొట్టుకుపోతోంది. చిన్నాయన చోక్ (చల్లటి ఇంజిన్‌కు పెట్రోల్ ఎక్కువ అందించే మీట) గుంజి మరీ తాడు లాగుతున్నాడు. "చిన్నాయనా, చోక్ ముట్టకు, నువ్వు తెడ్డు పట్టు" అని నేను ముందు పెట్రోల్ పైపు మీది బల్బు నొక్కి చూశాను. రాయిలాగా గట్టిగా ఉంది, అంటే పెట్రోల్ వస్తోంది. ట్యాంకు మూత మీది గాలి స్క్రూ తెరిచే ఉంది. తర్వాత ప్లగ్ విప్పితే తడిగా, పెట్రోల్ వాసన కొడుతూ బయటికి వచ్చింది. పెట్రోల్ లోపలిదాకా వచ్చి కాలకుండా మిగిలిపోయిందన్నమాట. ఇక చూడాల్సింది కరెంటు ఒక్కటే. ప్లగ్ తుడిచి, క్యాప్‌లో పెట్టి, దాని ఇనుప ఒంటిని ఇంజిన్ బాడీకి ఆనించి, ఎండలో మెరుపు కనపడదు కాబట్టి మీద తువ్వాల నీడ పట్టి, చిన్నాయనను తాడు లాగమన్నాను. ఏమీ లేదు. చిన్న నీలి చుక్క కూడా లేదు. (ఇది చేసేటప్పుడు ప్లగ్ రంధ్రాన్ని గుడ్డతో మూయండి, ప్లగ్‌ను దానికి దూరంగా పెట్టండి, పెట్రోల్ ఒలికి ఉంటే అసలు చేయకండి.)

తువ్వాలను నీళ్లలో ముంచి గట్టిగా పిండి, కాయిల్ మీద మాత్రమే చుట్టాను. సిలిండర్ మీద కాదు, కాగిన లోహం మీద చన్నీళ్లు పోస్తే పగలొచ్చు. కొద్దిసేపటికి మళ్లీ చూస్తే టిక్ టిక్‌మని నీలం మెరుపు. ప్లగ్ బిగించి, చోక్ లేకుండా, లోపల ఉన్న పెట్రోల్ బయటికి పోయేట్టు థ్రాటిల్ కొంచెం తెరిచి లాగితే అందుకుంది. ఇంజిన్ మొత్తం ఇంకా కాగుతూనే ఉంది, చల్లబడింది కాయిల్ ఒక్కటే. ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

కాయిల్ లోపల వెంట్రుకలాంటి రాగి తీగ చుట్టలు చుట్టలుగా ఉంటుంది. పాతబడ్డాక ఎక్కడో పగులుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఆ రెండు కొసలు తగిలి ఉంటాయి, వేడెక్కితే తీగ సాగి విడిపోతాయి. అందుకే చల్లటి కాయిల్‌కు మల్టీమీటర్ పెడితే అంతా బాగుందని చూపిస్తుంది. మీటర్ పెట్టాల్సింది ఇంజిన్ ఆగిన మరుక్షణం.

మీ ఇంజిన్‌లో ప్లగ్ పొడిగా వస్తే మాత్రం నా మాట పక్కన పెట్టి పెట్రోల్ వైపు చూడండి. ఆపిన తర్వాత ఇంజిన్ వేడి కార్బొరేటర్‌కు ఎక్కి పెట్రోల్ ఆవిరవుతుంది, పైపులో ఆవిరి నిండితే పెట్రోల్ ముందుకు కదలదు. బల్బు నాలుగుసార్లు నొక్కితే స్టార్ట్ అయిందంటే సమస్య అదే. ట్యాంకు మూత తిప్పగానే స్స్ అని గాలి పీల్చుకుంటే గాలి స్క్రూ మూసుకుపోయిందని అర్థం.

ఈ మధ్య ప్రతిదానికీ ఇరవై శాతం ఇథనాల్ పెట్రోల్‌ను తిడుతున్నారు. ఇథనాల్ తేమను పీల్చుకునే మాట నిజమే, నీళ్ల మీద తిరిగే మనం నెలల తరబడి ట్యాంకులో పెట్రోల్ నిల్వ ఉంచకూడదు, పాత రబ్బరు పైపులు కూడా మార్చుకోవాలి. కానీ పెట్రోల్‌లో నీళ్లు చేరితే పొద్దున చల్లటి ఇంజిన్ కూడా సతాయిస్తుంది కదా, వేడికి మాత్రమే ఎందుకు ఆగుతుంది?

అసలు ఇంజిన్ ఉండాల్సిన దానికన్నా ఎక్కువ వేడెక్కుతోందేమో కూడా చూడండి. నడుస్తున్నప్పుడు వెనక చిన్న రంధ్రం నుంచి నీళ్ల ధార గట్టిగా రావాలి. సాగర్ నిండు మట్టం 590 అడుగులు, ఎండాకాలంలో 510, 520 దాకా పడిపోతే మనం బురదలోనే నడుపుతాం, ఆ బురద లోపలికి పోయి ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్ల పంపులోని రబ్బరు రెక్కల చక్రాన్ని (ఇంపెల్లర్) తినేస్తుంది. పాచి, ప్లాస్టిక్ కవర్లు అడ్డుపడటం సరేసరి. టూరిస్టులు పెరిగాక కవర్లు మరీ ఎక్కువయ్యాయి, అడిగే వాళ్లే లేరు. ఆ టూరిస్టులనే ఎక్కించుకుని తెడ్డు లేకుండా, లైఫ్ జాకెట్లు లేకుండా ఒక్క ఇంజిన్ మీద నడి నీళ్లలోకి పోయేవాళ్లను చూస్తే నాకు భయం వేస్తుంది. ఆ రోజు చిన్నాయన చేతిలో తెడ్డు లేకపోతే నేను ప్లగ్ విప్పేలోపే రాళ్లకు తగిలేవాళ్లం.

కాయిల్ కొనడానికి సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్తే పాతది వెంట తీసుకెళ్లండి, ఫోన్‌లో ఫొటో చూపిస్తే సరిపోదు, బోల్టు రంధ్రాల దూరం, వైరు కొసలు పోల్చి చూడాలి. కొత్తది వేసినా వేడి మీద కరెంటు రాకపోతే ఫ్లైవీల్ (ఇంజిన్ పైన తిరిగే బరువు చక్రం) కింద ఉన్న కాయిళ్లు చూడాలి. దానికి పుల్లర్ (ఫ్లైవీల్‌ను లాగి ఊడదీసే పనిముట్టు) వాడే మెకానిక్ దగ్గరికే పోండి, ఫ్లైవీల్‌ను సుత్తితో కొట్టనివ్వకండి, క్రాంక్ దెబ్బతింటుంది.