వాటర్‌బాత్ ఉష్ణోగ్రత ఊగిసలాడుతోందా? ముందు సెన్సార్ చూడండి

ల్యాబ్‌లో నీటిని ఒకే వేడి దగ్గర నిలిపి ఉంచే తొట్టి వాటర్‌బాత్. దాని డిస్‌ప్లేలో 37 డిగ్రీలు ఉంటే, లోపల పెట్టిన థర్మామీటర్‌లో 35 నుంచి 39 మధ్య ఊగుతోందా, పైగా వేడెక్కడానికీ ఆలస్యమవుతోందా? వేడిని అదుపు చేసే కంట్రోలర్ పోయి ఉండకపోవచ్చు. హీటర్‌కీ, నీటి వేడిని పసిగట్టే సెన్సార్‌కీ సున్నపు పొర పట్టి ఉంటుంది.

1. స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, చల్లారాక నీళ్లు పారబోయండి.

2. లీటరు నీటికి 50 గ్రాముల సిట్రిక్ యాసిడ్ కలిపి, హీటర్ కాయిల్ మునిగేలా పోయండి. ప్లగ్ పెట్టి 50 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి, మళ్లీ ప్లగ్ తీసి చల్లారనివ్వండి.

3. చాలామంది వదిలేసేది ఇదే: సెన్సార్. ట్యాంకంతా తళతళలాడుతుంది, మూలనున్న ఆ సన్న గొట్టం మాత్రం తెల్లగా అలాగే ఉంటుంది. పొర ఉంటే నీటి వేడి సెన్సార్‌కి ఆలస్యంగా తెలుస్తుంది. ఈలోగా హీటర్ అవసరానికి మించి కాస్తుంది, ఆగాక మళ్లీ ఆలస్యంగా అందుకుంటుంది. మెత్తటి గుడ్డతో తుడవండి. స్టీలు పీచు వద్దు, గీతలు పడతాయి.

4. బాగా కడిగి డిస్టిల్డ్ వాటర్ పోయండి. బ్లీచ్ వద్దే వద్దు, స్టెయిన్‌లెస్ స్టీలుకి గుంటలు పడతాయి.

5. వేడి నిలకడగా వచ్చాక క్యాలిబ్రేట్ చేసిన (కొలత సరిచూసిన) థర్మామీటర్‌తో ట్యాంకు మధ్యలో చూడండి. అప్పటికీ ఊగుతుంటేనే కంట్రోలర్‌ని అనుమానించండి.