బండి కడిగాక మిట్టు కూడా కడగాలి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఇక్కడ అంతా క్షేమం. రావులపాలెంలో నువ్వు పెట్టిన వాటర్ సర్వీసింగ్ బాగా నడుస్తోందని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషం. నల్ల కారు ఆయనెవరో వచ్చి, ఎండలో బానెట్ మీద సాలెగూడులా గుండ్రటి గీతలు కనిపిస్తున్నాయని గట్టిగా మాట్లాడి వెళ్ళాడట. షాంపూ మార్చాలా అని నన్ను అడగమన్నావట. మార్చకు. నీ కుర్రాళ్ళు బండి కడిగేశాక వాష్ మిట్లని, అదే బండి రుద్దడానికి చేతికి వేసుకునే తొడుగుల్ని, ఏం చేస్తున్నారో ముందు దగ్గరుండి చూడు. నా అనుభవంలో ఇలాంటి గీతల్లో చాలావరకు మిట్టు పెట్టినవే. బండి మీద నుంచి తీసిన మట్టి మిట్టులోకి వెళ్తుంది. అక్కడి నుంచి అది బయటికి పోకపోతే తర్వాతి బండి మీదకి వస్తుంది.

కారు రంగు మీద క్లియర్ కోట్ అని అద్దంలాంటి పొర ఉంటుంది కదా, అది మామూలుగా 40, 50 మైక్రాన్లకి మించదు. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. నువ్వు చూసే గుండ్రటి గీతలన్నీ ఆ పొర మీదే పడతాయి. పాలిష్ కొడితే పోతాయి, నిజమే. కానీ పాలిష్ అంటే ఆ పొరనే కొంచెం అరగదీయడం. ఆయన కారుకి జీవితకాలంలో ఎన్నిసార్లు చేయగలవు? అందుకని గీత పడ్డాక పాలిష్ అమ్మడం కంటే గీత పడకుండా కడగడం మన వృత్తికి గౌరవం.

మన డెల్టాలో దుమ్ము సంగతి కూడా తెలుసుకో. ఒండ్రు మట్టి చేతికి మెత్తగానే ఉంటుంది, రంగుని గీసేది అందులో కలిసిన సన్న ఇసక. అంతకంటే మోసం చేసేది ఊక. వడ్ల పొట్టులో సిలికా ఎక్కువ, ఇసకలో ఉండేదీ అదే. ఊకని కాలిస్తే బరువులో దాదాపు అయిదో వంతు బూడిద మిగులుతుంది, ఆ బూడిదలో చాలా భాగం సిలికాయే. సార్వా కోతలప్పుడూ దాళ్వా కోతలప్పుడూ రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు కదా, ఆ నూగంతా బళ్ళ మీదే పడుతుంది. మిల్లుల పక్కన ఆగిన బండి మీద నల్లటి ఊక బూడిద కూడా ఉంటుంది. మండపేట వైపు నుంచి వచ్చే బళ్ళని చూస్తే నీకే తెలుస్తుంది. అలాంటి బండిని ముందు నీళ్ళ ప్రెషర్ గన్నుతో బాగా తడిపి, దుమ్ము జారిపోయాకే మిట్టు ముట్టించాలి. అయినా మిట్టులోకి కొంత వెళ్తుంది, తప్పదు. వేళ్ళలా లావుపాటి కుచ్చులుండే షెనీల్ మిట్టు బండికి మంచిదే, కాకపోతే ఆ కుచ్చుల మొదట్లో ఇసక దాక్కుంటే పైకి కనపడదు.

ఇక పద్ధతి. బండి అవగానే మిట్టుని బకెట్లో వదిలేసి టీకి వెళ్ళడం మాన్పించు. అన్నింటికంటే ముఖ్యం ఇదే. షాంపూ నీళ్ళతో తడిసి ఉన్నప్పుడు మట్టి సులువుగా వదులుతుంది. ఆరితే పోగుల్ని పట్టుకుని గట్టిపడుతుంది. వెంటనే పైపు కింద పెట్టి, కుచ్చులు కిందికి వేలాడేలా పట్టుకుని, వేళ్ళతో విడదీస్తూ మొదళ్ళ దాకా నీళ్ళు పోనివ్వాలి. ప్రెషర్ గన్ మూతి దగ్గరగా పెట్టి కొట్టొద్దు, కుట్లు తెగుతాయి, పోగులు చెదిరిపోతాయి. మామూలు పైపు ధార చాలు.

తర్వాత తెల్ల బకెట్టు ఒకటి దీనికోసమే పెట్టు. నల్ల బకెట్టులో అడుగున ఏముందో కనపడదు. మంచి నీళ్ళలో కొంచెం షాంపూ వేసి మిట్టుని ముంచి, నొక్కి వదులుతూ, నొక్కి వదులుతూ జాడించాలి. కాసేపు కదపకుండా ఉంచితే ఇసక అడుక్కి చేరుతుంది. ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ మంచి నీళ్ళు పట్టు. అడుగున ఒక్క రేణువూ కనపడకుండా పోయేదాకా ఇలాగే చెయ్యాలి. ఎన్నిసార్లు అని లెక్క అడగకు, బండిని బట్టి ఉంటుంది. మిట్టుని లోపలి వైపు తిరగేసి అది కూడా జాడించాలి. చెమటా షాంపూ కలిసి వాసన మొదలయ్యేది అక్కడే.

రోజు చివర్లో మాత్రం డిటర్జెంట్‌తో ఉతకాలి. లిక్విడ్ వాడు. పౌడరు చల్లనీళ్ళలో పూర్తిగా కరగదు, ఆ గింజలు కుచ్చుల్లో ఉండిపోతాయి. బట్టల సబ్బు అసలే వద్దు, సున్నం ఉన్న నీళ్ళలో సబ్బు తెట్టు కట్టి పోగులకి అంటుకుంటుంది. బట్టలు మెత్తగా రావడానికి పోసే ఫ్యాబ్రిక్ కండిషనర్ మన మిట్లలో ఉండే మైక్రోఫైబర్ అనే సన్న పోగుకి పనికిరాదు. అది పోగుల మీద జిడ్డు పొరలా నిలిచిపోతుంది, ఇక మిట్టు నీళ్ళూ పట్టదు, మట్టీ పట్టదు. బ్లీచింగ్ కూడా అంతే. మైక్రోఫైబర్‌లో పాలిస్టర్‌తో పాటు నైలాన్ ఉంటుంది, క్లోరిన్ నైలాన్‌ని కొరికేస్తుంది. నీళ్ళు గోరువెచ్చగా ఉంటే చాలు, 40 డిగ్రీలు దాటనివ్వకు.

వాషింగ్ మెషీన్‌లో వేస్తే తేలికపాటి సైకిల్ మీద పెట్టు. మిట్లూ మైక్రోఫైబర్ టవళ్ళూ తప్ప ఇంకేమీ వెయ్యకు. కుర్రాళ్ళ కాటన్ చొక్కాలు, తుండు గుడ్డలు కలిపి వేస్తే వాటి నూగంతా మిట్టుకి పట్టుకుంటుంది, తర్వాత ఎంత దులిపినా పోదు. చక్రాలకి వాడే మిట్లని వీటితో కలపకు. బ్రేకుల నుంచి రాలే దుమ్ములో ఇనప రజను ఉంటుంది. చక్రాల మిట్టు రంగు వేరేగా ఉండేలా కొను. అది పొరపాటున బానెట్ మీదకి వెళ్ళకూడదని కుర్రాళ్ళకి గట్టిగా చెప్పు.

గొర్రె ఉన్ని మిట్టు ఒకటి కొన్నావని విన్నాను. దాన్ని మెషీన్‌లో వెయ్యొద్దు, వేడినీళ్ళు వద్దు, ఘాటు డిటర్జెంట్ వద్దు. తలకి వాడే షాంపూ రెండు చుక్కలు వేసి చల్లనీళ్ళలో ఉతికి, ఆరాక పెద్ద పళ్ళ దువ్వెనతో మెల్లగా దువ్వాలి. వెనక నిజమైన తోలు ఉంటే ఎండలో అట్టలా బిగుసుకుపోతుంది. తడిగా వదిలేస్తే కుళ్ళుతుంది. నిజం చెప్పాలంటే మన ఉక్కకీ ముసురుకీ, రోజంతా బళ్ళు వచ్చే షాపుకీ ఉన్ని మిట్టు సరిపడదు. నీ సొంత కారుకి ఉంచుకో.

నీళ్ళ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. కాలవ పక్కనే షాపు కాబట్టి మోటారు పెట్టి కాలవ నీళ్ళు తోడుకుంటున్నావు. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన దగ్గర్నుంచి మన పొలాల్ని బతికిస్తున్నది ఆ నీళ్ళూ, వాటితో వచ్చే ఒండ్రే. పొలానికి మంచిదే, మిట్టుకి కాదు. వానాకాలంలో గోదారికి ఎర్రనీరు వచ్చినప్పుడు కాలవ నీళ్ళలో మిట్టు జాడిస్తే మట్టిని మట్టితో కడిగినట్టే. డ్రమ్ములో రాత్రి పట్టి ఉంచి, తెల్లారాక పైన తేరిన నీళ్ళు మాత్రమే మిట్లకి వాడు. అడుగున ఉన్నది కదపకుండా వదిలెయ్. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు ఎలాగూ బోరు నీళ్ళే గతి.

మలికిపురంలో రెండో షాపు పెడతానంటున్నావట. సముద్రం దగ్గరపడే కొద్దీ బోరు నీళ్ళలో ఉప్పు పెరుగుతుంది, షాంపూ సరిగా నురగ రాదు. ఆ నీళ్ళతో ఉతికి ఆరేసిన మిట్టు గరగరలాడుతుంది, పోగుల మీద ఉప్పూ సున్నమూ పేరుకుంటాయి. అక్కడ ఆఖరి జాడింపుకైనా కుళాయి నీళ్ళో, పట్టి దాచిన వాననీళ్ళో వాడాలి. అప్పటికే గట్టిపడిన మైక్రోఫైబర్ మిట్టుని బకెట్ నీళ్ళలో అరకప్పు తెల్ల వెనిగర్ కలిపి అరగంట నానబెట్టి బాగా జాడిస్తే చాలావరకు మెత్తబడుతుంది. చెమ్మ వాసనకి కూడా ఇదే మందు. ఒక్కటి మర్చిపోకు, వెనిగర్ ఉన్న బకెట్‌లో బ్లీచింగ్ పడకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ఊపిరితిత్తులకి ప్రమాదం. కుర్రాళ్ళకి ఈ సంగతి నువ్వే స్వయంగా చెప్పు.

ఆరబెట్టడంలో మనవాళ్ళు చేసే పెద్ద తప్పు మెలిపెట్టి పిండటం. కుచ్చుల కుట్లు అక్కడే వదులవుతాయి. రెండు అరచేతుల మధ్య నొక్కి నీళ్ళు తీసి, పొడి టవల్‌లో చుట్టి ఒకసారి అదిమితే చాలు. గట్టిగా విదిలించి, నీడపట్టున గాలి ఆడే చోట దండేనికి క్లిప్పు పెట్టి వేలాడదీయించు. మూతి కిందికి ఉండాలి, లేకపోతే నీళ్ళన్నీ వేళ్ళ వైపు చేరి అక్కడే చెమ్మగా ఉండిపోతాయి. మొదట లోపలి వైపు తిరగేసి ఆరనిచ్చి, తర్వాత మామూలుగా తిప్పాలి. ఇంకో సులువు ఉంది, ఖాళీ నీళ్ళ సీసా నిలబెట్టి దాని మీద మిట్టు తొడిగితే లోపలికి గాలి తగులుతుంది. రోహిణి ఎండలో పడెయ్యకు. త్వరగా ఆరుతుందని సంబరపడతారు కానీ ఆ ఎండకి నైలాన్ పెళుసవుతుంది, మణికట్టు దగ్గర ఎలాస్టిక్ సాగిపోతుంది. ప్రహరీగోడ మీద ఆరేస్తే ఇటుక పొడి పట్టుకుంటుంది, ఇనప మేకుకి తగిలిస్తే తుప్పు మరక పడుతుంది. రోడ్డు వైపు దండెం కట్టావంటే లారీల దుమ్మంతా మళ్ళీ మిట్టులోకే.

ముసురు పట్టిన రోజుల్లో ఎంత వేలాడదీసినా ఆరవు. లోపల స్పాంజీ ఉన్న రకమైతే మరీ ఆలస్యం. అప్పుడు గదిలో తాడు కట్టి టేబుల్ ఫ్యాన్ పెట్టు. కరెంటు ఖర్చని చూడకు. మన తేమకి ఒకటి రెండు రోజులు తడిగా ఉంటే బూజు మొదలవుతుంది, నల్ల చుక్కలు పడితే ఇక పోవు. చలికాలంలో రాత్రిపూట బయట వదలొద్దు, ఆరినవి కూడా పొద్దున్నకి మంచుకి తడిసి ఉంటాయి. ఆరిందో లేదో పైన తాకి చెప్పకూడదు. కుచ్చుల మొదళ్ళలో వేలు పెట్టి, లోపలి వైపు పిడికిట్లో నొక్కి చూడాలి. చల్లగా తగిలితే ఇంకా చెమ్మ ఉన్నట్టే. పూర్తిగా ఆరాకే మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టు. డిక్కీలోనో, పాలిష్ డబ్బాల పక్కనో పడెయ్యనివ్వకు.

ఏ మిట్టుని పక్కన పెట్టాలో పట్టుకోవడానికి పాత సీడీ ఒకటి షాపులో ఉంచు. శుభ్రమైన మిట్టుని తడిపి, మెరిసే వైపు మెల్లగా రాసి వెలుతురులో చూడు. కొత్త గీతలు పడితే ఆ మిట్టు ఇక బానెట్‌కి పనికిరాదు. చక్రాలకో, డోర్ల కింది అంచులకో మార్చెయ్. నేల మీద పడిన మిట్టుని మళ్ళీ జాడించేదాకా ఎవరూ బండికి తాకించకూడదు, మధ్యలో ఎంత తొందరున్నా సరే. తారు అంటిన మిట్టుని ఉతకాలని ప్రయత్నించొద్దు, పారెయ్.

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి బళ్ళు బారులు తీరతాయి. సరిగ్గా అప్పుడే సార్వా నూగు, మంచు, పొద్దుపోయేదాకా పని. ఉతికిన మిట్టు ఆరడానికి టైము ఉండదు. అందుకని మనిషికి మూడు మిట్ల చొప్పున డిసెంబరులోనే కొని, ఒకసారి ఉతికి ఉంచు. కొత్త మిట్టు కూడా ఉతక్కుండా వాడకూడదు, కొన్నింటికి రంగు దిగుతుంది, ఊడిన పోగులు ఉంటాయి. ఆ నల్ల కారు ఆయనకి ఫోన్ చేసి, గీతలు ఎంత లోతున్నాయో ఒకసారి చూస్తానని చెప్పి పిలిపించు. నేను వచ్చే ఆదివారం రావులపాలెం వస్తున్నాను, ఆ టైముకి రమ్మంటే నేనూ చూస్తాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య