కరువును కొలిచేటప్పుడు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఆస్ట్రేలియాకూ స్పెయిన్‌కూ 1981 నుంచి 2020 దాకా నెలవారీ వానలు తీసుకుని 12 నెలల ఎస్‌పీఐ (వాన మామూలు కన్నా ఎంత ఎక్కువో తక్కువో చెప్పే సూచిక; సున్నా అంటే మామూలు, మైనస్ అంటే తక్కువ) కట్టాను. సూచిక మైనస్ 1 కిందికి పడిన నెలలు రెండు దేశాల్లోనూ నూటికి 16 దగ్గరే తేలాయి. ఎక్కడ తప్పు చేశాను?

జవాబు: లెక్కలో తప్పు లేదు. ఆ సూచిక చెప్పలేని సంగతిని దాన్ని అడిగారు, అంతే. ఎస్‌పీఐ ప్రతి చోటునూ దాని సొంత గతంతోనే పోలుస్తుంది. నలభై ఏళ్ల వానలకు ముందు గామా వక్రరేఖ (ఎంత వాన ఎంత తరచుగా పడుతుందో చూపే రేఖ) అమర్చి, తర్వాత దాన్ని గంట ఆకారపు వక్రరేఖలోకి మారుస్తారు. అందువల్ల చోటు ఏదైనా మైనస్ 1 కింద సుమారు 15.9 శాతం, మైనస్ 2 కింద 2.3 శాతం నెలలే పడతాయి. ఆ వాటా సూత్రంలోనే ఉంది. ఏ దేశంలో కరువు నెలలు ఎక్కువో ఇలా కట్టిన సూచిక ఎన్నటికీ చెప్పదు.

తేడా బయటపడాలంటే ఆధార కాలాన్ని వేరుచేయండి. 1961–1990 వానలతో వక్రరేఖ అమర్చి, 1991–2020 నెలలను దాని మీద కొలవండి. 16 శాతం ఎంత పెరిగిందో, ఎంత తగ్గిందో అప్పుడు కనిపిస్తుంది. ఆధార కాలం ముప్ఫై ఏళ్లకు తగ్గకూడదు.

అంతకన్నా ముఖ్యం, నెలలను విడివిడిగా కాక వరసగా లెక్కపెట్టడం. సూచిక సున్నా కిందికి దిగి మైనస్ 1ని తాకితే, దిగిన నెల నుంచి మళ్లీ సున్నా పైకి వచ్చేదాకా ఒకే కరువు. అరవై నెలలు అక్కడక్కడా చెదిరితే రైతు తట్టుకోగలడు, అవే అరవై వరసగా వస్తే జలాశయాలు అడుగంటుతాయి. ఆగ్నేయ ఆస్ట్రేలియాలో 1997–2009 నాటి మిలీనియం కరువును, స్పెయిన్‌లో 1991–95 కరువును పక్కపక్కన పెట్టాలన్నా చూడాల్సింది ఈ నిడివినే.

ఇక ఎడారి ప్రాంతాల సంగతి. మూడు నెలల ఎస్‌పీఐ కడితే చాలా గడుల్లో (పటాన్ని విభజించిన చిన్న చిన్న చదరాల్లో) వాన సున్నాగా ఉంటుంది. నూటికి ముప్ఫై సార్లు సున్నా వచ్చే గడిలో సూచిక మైనస్ 0.52 కన్నా కిందికి దిగలేదు. అంటే అక్కడ ఎన్నడూ కరువు రాలేదని పటం చూపిస్తుంది! అలాంటి గడులను పక్కన పెట్టండి, లేదా 12 నెలలకు తక్కువ కాని సూచిక వాడండి.

ప్రశ్న: కరువు తాకిడి అంటే కరువు కమ్మిన విస్తీర్ణమేనా?

జవాబు: కాదు. ఆస్ట్రేలియా వైశాల్యం సుమారు 77 లక్షల చదరపు కిలోమీటర్లు, స్పెయిన్ 5 లక్షలు. ఆస్ట్రేలియా నడిబొడ్డంతా జనం పలచని ఎండు భూమి, ఊళ్లూ పొలాలూ ఎక్కువగా అంచుల్లో ఉన్నాయి. దేశ సగటు తీస్తే ఆ నడిబొడ్డే పటాన్ని మింగేస్తుంది. గడి గడికీ, నెల నెలకూ సూచిక మైనస్ 1 లేదా అంతకు తక్కువ ఉందేమో చూడండి. ఉంటే ఆ గడిలోని జనాభాను (సాగు మీద పరిశీలనైతే సాగు హెక్టార్లను) కూడండి. ఆ మొత్తాన్ని దేశ జనాభా, నెలల సంఖ్య రెండింటి లబ్ధంతో భాగించండి. జనాభాను ఏదో ఒక సంవత్సరానిదే స్థిరంగా ఉంచాలి. లేకపోతే జనం పెరగడమే కరువు పెరిగినట్టు కనిపిస్తుంది.

విస్తీర్ణం లెక్కకు ఇంకో జాగ్రత్త: అక్షాంశ రేఖాంశాల గడులు సమానం కావు. 11 డిగ్రీల అక్షాంశం దగ్గరి గడితో పోలిస్తే 43 డిగ్రీల దగ్గరిది పావు వంతు చిన్నది. ప్రతి గడినీ దాని అక్షాంశపు కొసైన్ విలువతో గుణించండి.

ప్రశ్న: రెండు చోట్లా నేల తేమ 20 శాతమే ఉంటే, ఎండు స్థితి సమానమే కదా?

జవాబు: సమానం కాదు. ఈ పొరపాటే అన్నిటికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. నేల పట్టి ఉంచగల నీరు, పైరు వాడిపోయే హద్దు మట్టిని బట్టి మారతాయి. ఉజ్జాయింపుగా ఇసుక నేలకు ఇవి 10, 4 శాతం. గరప నేలకు 27, 12. బంకమట్టికి 40, 25. ఇసుకలో 20 శాతమంటే నిండిపోయి కిందికి కారుతోందని. గరపలో సగం మిగిలిందని. బంకమట్టిలో అదే 20 వాడు హద్దుకు కింద, అంటే నీరున్నా వేరుకు అందదు.

అందుకని ఉన్న తేమలోంచి వాడు హద్దు తీసేసి, రెండు హద్దుల తేడాతో భాగించండి. గరపకు (20–12)/(27–12), అంటే 0.53. ఈ భిన్నాలనే పోల్చాలి. మీటరు లోతు దాకా గరప నేల పైరుకు 150 మి.మీ. నీరు ఇస్తుంది, ఇసుక నేల 60 మాత్రమే. రోజుకు 5 మి.మీ. ఖర్చయితే 30 రోజులు, 12 రోజులు. సగం అయిపోగానే చాలా పైర్లు బెట్టకు లోనవుతాయి కాబట్టి నిజంగా ఉన్న గడువు 15, 6 రోజులే.

ప్రశ్న: నేల తేమకు ఉపగ్రహ కొలతలు వాడాలా, ఎరా5-ల్యాండ్ (వాతావరణ కొలతల ఆధారంగా కంప్యూటర్ నమూనా కట్టిన లెక్కలు) వాడాలా?

జవాబు: 2015లో ఎగిరిన స్మాప్ ఉపగ్రహం చూసేది పైనున్న 5 సెం.మీ. మాత్రమే. ఆ పొర కొద్ది రోజుల ఎండకే ఆరిపోతుంది. దట్టమైన అడవి, మంచు, సముద్రపు ఒడ్డు గడుల్లో దాని అంకెలను నమ్మవద్దు. ముప్ఫై ఏళ్ల పోలికకు దాని చరిత్ర కూడా చాలదు.

ఎరా5-ల్యాండ్ 1950 నుంచి, సుమారు 9 కి.మీ. గడుల్లో ఉంది. దాని మొదటి మూడు పొరలు 0–7, 7–28, 28–100 సెం.మీ. మీటరు సగటు కావాలంటే పొరల తేమను వరసగా 7, 21, 72తో గుణించి, కూడి, వందతో భాగించండి. మూడింటి మామూలు సగటు తీస్తే పైపొరకు లేని ప్రాధాన్యం వస్తుంది. ఇది నమూనా లెక్క, కాలువ కింద పారే నీరు దీనికి తెలియదు. స్పెయిన్‌లో నీటిపారుదల పొలాలు విస్తారం కాబట్టి వాటిని విడదీసి, వర్షాధార భూములనే పోల్చండి.

ప్రశ్న: రెండు దేశాలకూ నేల తేమకు జనవరి–డిసెంబరు సగటు తీసుకోవచ్చా?

జవాబు: వద్దు, రుతువులు తలకిందులు. స్పెయిన్‌లో వర్షాధార గోధుమకు అక్టోబరు నుంచి జూన్ దాకా, ఆస్ట్రేలియా గోధుమకు మే నుంచి నవంబరు దాకా తేమ చూడండి.