చావు సీన్‌కి నవ్వుతున్నాడు, సినిమా కథలు రాస్తానంటున్నాడు

ప్రశ్న: మా అబ్బాయి హనుమకొండలో ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. రాత్రయితే చాలు, ఫోన్‌లో క్రైమ్ కామెడీలు పెడతాడు. మనిషి చచ్చిపడి ఉంటే పగలబడి నవ్వుతాడు. ఎప్‌సెట్ రాయను, సినిమా కథలు రాస్తానంటున్నాడు. చెడిపోతున్నాడేమోనని టెన్షన్‌గా ఉంది సార్.

జవాబు: మీరు కూడా ఒకసారి పక్కన కూర్చుని చూడండి. వాడు నవ్వేది చావుకి కాదు. ఈ కథల్లో దొంగ మహా తెలివైనవాడేం కాదు, అప్పుల్లో మునిగిన మామూలు మనిషి. ‘ఈ ఒక్కసారికే’ అనుకుని తప్పు చేస్తాడు. అది దాచడానికి ఒక అబద్ధం, ఆ అబద్ధం నిలబెట్టడానికి ఇంకో నేరం. కారు డిక్కీలో ఏముందో మనకు తెలుసు, ఎస్సైకి తెలియదు. ఆయనేమో లిఫ్ట్ అడుగుతాడు! భయం, నవ్వు ఒకేసారి వస్తాయి. బ్యాంకు దోపిడీ సొమ్ము చుట్టూ తిరిగే ‘క్షణ క్షణం’ 1991లోనే వచ్చింది. అప్పుడు మీరూ నవ్వే ఉంటారు.

ఇలాంటి కథ రాయడం కష్టమైన పని. ప్రతి సీనుకూ ముందు సీనులో కారణం ఉండాలి, ఒక్కటి జారినా నవ్వు రాదు. 1983లో ‘జానే భీ దో యారో’లో శవాన్ని ద్రౌపదిగా స్టేజీ ఎక్కించిన కుందన్ షా, 2018లో ‘అంధాధున్’ తీసిన శ్రీరామ్ రాఘవన్ ఇద్దరూ పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివినవాళ్లే. అక్కడ గానీ, కోల్‌కతా సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్‌లో గానీ ప్రధాన కోర్సుల్లో చేరాలంటే డిగ్రీ ఉండాలి. ఏ డిగ్రీ అయినా ఫర్వాలేదు. ఇంజినీరింగే కావాలని మీరు పట్టుబట్టొద్దు, అసలు చదవనని వాడూ అనకూడదు.

ఎప్‌సెట్ మాత్రం రాయమనండి. రాసినంత మాత్రాన ఇంజినీరింగ్‌లో చేరి తీరాలని లేదు కదా. పరీక్షలయ్యేదాకా రాత్రి సినిమాలు బంద్. వీటిలో కొన్నింటికి ‘ఏ’ సర్టిఫికెట్ ఉంటుంది, పద్దెనిమిది నిండకముందు అవి చూడనివ్వకండి.

పరీక్షలయ్యాక ఒక పని అప్పగించండి. ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్మిన రైతు సంచి, ఓ చిల్లర దొంగ సంచి తారుమారయ్యాయి. ఇద్దరూ పోలీసులకు చెప్పలేరు. రైతు ఎందుకు చెప్పలేడు? ఆ కారణం వాడే కనిపెట్టి పది పేజీలు రాయాలి. పూర్తి చేస్తే డిగ్రీతో పాటు హైదరాబాద్‌లో షార్ట్ ఫిల్మ్ టీముల్లో పని వెతకొచ్చు. మొదట్లో చేతికి వచ్చేది తక్కువే, కొన్నాళ్లు ఇంటి నుంచి ఖర్చులు పంపాల్సి రావచ్చు, అదీ ముందే మాట్లాడుకోండి. రెండో పేజీ కూడా దాటకపోతే వాడికి ఇష్టం చూడటమే, రాయడం కాదు. అప్పుడు బీటెక్‌లో ఏ బ్రాంచ్ అన్నది మాట్లాడదాం, ఇద్దరూ కలిసే రండి.