మిలాద్ బ్యానర్ రాసిన పాపకు ఎంత ఇచ్చారు?

ప్రశ్న: మాది ఉదయగిరి. చెక్క గరిటెలు, స్పూన్లు చేసుకుని బతికే ఇల్లు. మా పాప ఇంటర్ సెకండియర్ సీఈసీ చదువుతోంది. చిన్నప్పుడు అరబ్బీ, ఉర్దూ నేర్చుకుంటూనే అక్షరాలు అందంగా రాయడం పట్టుబడింది. మా మసీదు కమిటీ వాళ్లు మిలాద్ (ప్రవక్త జయంతి) బ్యానర్లు, పోటీల షీల్డుల మీద పేర్లు అన్నీ తనతోనే రాయిస్తారు. ఇప్పుడు ఆర్ట్ కోర్సులో చేరతానంటోంది. అందులో బతుకుదెరువు ఉంటుందా, దీన్‌కు (మా ధర్మానికి) అడ్డం వస్తుందా అని టెన్షన్‌గా ఉంది. కమిటీలో నేనూ మెంబర్నే. పిల్లల్ని ఈ దారిలో ప్రోత్సహించాలంటే మేమేం చేయాలి?
- ఒక తండ్రి

జవాబు: ‘అన్నీ తనతోనే రాయిస్తారు’ అన్నారు. ఎంత ఇస్తున్నారో మాత్రం రాయలేదు. షామియానా వేసినాయనకు, మైక్ సెట్టు పెట్టినాయనకు, బిర్యానీ మాస్టర్‌కు కమిటీ లెక్క కట్టి ఇస్తుంది. రెండు రాత్రులు మేలుకుని బ్యానర్ రాసిన పాపకేమో ‘మాషా అల్లా’ అని ఒక షీల్డు. దాని మీద పేరు కూడా తనే రాసుకుని ఉంటుంది! ఇందులో బతుకుందా అని మీకు అనుమానం రావడంలో వింతేముంది? ఆ పనికి డబ్బు రావడం మీ ఇంట్లో ఎవరూ చూడలేదు కదా.

దీన్ సంగతి. నేను ఆలిమ్‌ను (మత పండితుణ్ని) కాను, ఫత్వా (మతపరమైన తీర్పు) ఇవ్వడం నా పని కాదు. కానీ అడిగే తీరు ముఖ్యం. ‘ఆర్ట్ చదవొచ్చా’ అని అడిగితే జవాబు కూడా గాల్లోనే ఉంటుంది. ఖత్తాతీకి (అందమైన చేతిరాత కళకు), పూలతీగల డిజైన్లకు, రేఖాగణిత నమూనాలకు అభ్యంతరం చెప్పేవాళ్లు అరుదు. మీ ఉదయగిరి కోట మీద పాత మసీదులు ఉండనే ఉన్నాయి, పాపను ఒకసారి తీసుకెళ్లి చూపించండి. చిక్కు వచ్చేది ప్రాణుల బొమ్మల దగ్గర. అందులో ఉలమాల (మత పండితుల) మధ్యే భేదాలున్నాయి. బీఎఫ్‌ఏలో (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీలో) మనుషుల బొమ్మలు గీయడం మామూలుగా పాఠాల్లో భాగం, శిల్పంలో అయితే ఇక చెప్పక్కర్లేదు. కాబట్టి సిలబస్ చేతిలో పట్టుకుని, మీరు నమ్మే ఆలిమ్ దగ్గరికి పాపను వెంటబెట్టుకుని వెళ్లండి. చేరాక రెండో నెలలో ఇంట్లో గొడవ పడేకంటే అది నయం.

చదువుల్లో నా మొగ్గు డిజైన్ వైపు. అమరావతి దగ్గర ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ఆంధ్రప్రదేశ్ ఉంది, 2015లో మొదలైంది. బీడిజైన్ నాలుగేళ్లు, ఇంటర్ ఏ గ్రూపైనా సరే. ప్రవేశ పరీక్ష పేరు డాట్ (డిజైన్ ఆప్టిట్యూడ్ టెస్ట్), ప్రిలిమ్స్, మెయిన్స్ రెండు దశలు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఇంటర్ పరీక్షలయ్యాక చూద్దాంలే అనుకుంటే అప్పటికి దరఖాస్తు గడువు ఎప్పుడో దాటిపోతుంది. దసరా సెలవుల నుంచే వెబ్‌సైట్ చూస్తుండాలి. ఎన్‌ఐడీలో ఇండస్ట్రియల్ డిజైన్ (వాడుక వస్తువుల రూపకల్పన) కూడా ఉంది. ఉదయగిరి చెక్క స్పూన్లకు జీఐ (ఆ ప్రాంతపు ప్రత్యేక ఉత్పత్తి అన్న) గుర్తింపు ఉంది, చేసేవాళ్లలో ఎక్కువమంది మన ఆడవాళ్లే. చెక్క మధ్య పెరిగిన పిల్లకు ఆ క్లాసులో తెలిసిన సంగతులు పట్నం పిల్లలకు తెలియవు. ఎన్‌ఐడీలో సీటు దొరక్కపోతే కడపలోని డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ. దానికి ఏడీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. అక్కడ అప్లైడ్ ఆర్ట్స్ తీసుకుంటే అక్షరాల పనికి దగ్గరగా ఉంటుంది.

ఖత్తాతీ ఒక్కదాన్నే నమ్ముకోమని మాత్రం చెప్పను. చెన్నైలో 1927లో మొదలైన ఉర్దూ దినపత్రిక ‘ది ముసల్మాన్’ తరాలపాటు కాతిబుల (చేతిరాత లేఖకుల) రాతతోనే వచ్చింది. అలాంటి ఉద్యోగాలు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చేతికి కంప్యూటర్ తోడవ్వాలి. నెల్లూరులో రొట్టెల పండగప్పుడు బ్యానర్లు గమనించండి. ఉర్దూ అక్షరాలు కలవకుండా విడివిడిగా, కొన్నిసార్లు వెనక నుంచి ముందుకు పడి ఉంటాయి. ఫ్లెక్స్ షాపు కుర్రాడికి చదవడం రాదు, సాఫ్ట్‌వేర్ ఏది ఇస్తే అదే ప్రింటు. (తెలుగు ఒత్తుల గతీ అంతే, ఆ బాధ వేరే.) నస్తాలీఖ్, నస్ఖ్ అనే రాత శైలుల తేడా తెలిసి, అలిఫ్ అక్షరం ఎత్తు ఎన్ని నుఖ్తాలో (చుక్కలో) కొలిచి రాయగల పాప ఇన్‌పేజ్ అనే ఉర్దూ సాఫ్ట్‌వేర్, యూనికోడ్ టైపింగ్ కూడా నేర్చుకుంటే పెళ్లి కార్డుల పని ఇంట్లో కూర్చునే మొదలుపెట్టొచ్చు. తెలుగు అక్షరాలు కూడా అంతే శ్రద్ధగా దిద్దమనండి. రెండు లిపులూ చేతిలో ఉన్నవాళ్లకు ఫాంట్ల తయారీలో చోటుంటుంది. ఢిల్లీలోని జాతీయ ఉర్దూ భాషాభివృద్ధి మండలి కాలిగ్రఫీ, గ్రాఫిక్ డిజైన్ కోర్సు కేంద్రాలు నడిపిస్తుంది, మీకు అందుబాటులో ఏదైనా ఉందేమో కనుక్కోండి.

ఇక కమిటీ. నాత్ (ప్రవక్తను కీర్తించే పాటలు) పోటీలు, వ్యాసరచన పోటీలు మీరు పెడుతూనే ఉంటారు, వాటి గురించి కొత్తగా చెప్పేదేం లేదు. తెలుగులో కవిత చదివే పిల్లలకు కూడా మైకు ఇవ్వండి, మన ప్రకాశం, నెల్లూరు పల్లెల్లో తెలుగే ఇంటి భాషగా ఉన్న ముస్లిం కుటుంబాలు తక్కువేం కాదు. ఆదివారం ఒక గంట కాలిగ్రఫీ క్లాసు పెట్టండి, ఆడపిల్లలకు వేరే సమయం. కలాలు, కాగితాలు కమిటీ ఖర్చు. నేర్పేది మీ పాపే అయితే గౌరవ వేతనం తప్పనిసరి. చేసిన ప్రతి పని ఫొటో తీసి తేదీతో దాచమనండి, ఎక్కడైనా తన పని చూపించాల్సి వస్తే పనికొస్తుంది.

వచ్చే మిలాద్‌కు బ్యానర్ పని కాగితం మీద ఆర్డరుగా ఇవ్వండి. రేటు పాపే చెప్పాలి. నాన్న కమిటీలో ఉన్నాడు కదా, కొంచెం తగ్గించమ్మా అని మాత్రం మీరు అనకండి.