పక్కింటిని ఫ్లాట్లుగా మారుస్తుంటే సంతకాల కాగితం పనిచేస్తుందా?

మీ వీధిలో ఒక పెద్ద ఇంటిని ఫ్లాట్లుగా మార్చబోతున్నారని, ఇరుగుపొరుగువారు సంతకాలు సేకరిస్తున్నారని, మీరూ సంతకం చేస్తే ఉపయోగం ఉంటుందా అని అడిగారు. ఆ కాగితంలో ఏముంటుందో చూడకుండానే ఊహించగలను. వీధి స్వరూపం చెడిపోతుంది, ఇళ్ళ విలువ పడిపోతుంది, ఎవరెవరో వచ్చి చేరతారు. మా పక్కింటిని అయిదు ఫ్లాట్లు చేస్తామన్నప్పుడు తిరిగిన కాగితంలో ఈ మూడే ఉన్నాయి. నేను దానిమీద సంతకం చేయకుండా విడిగా ఉత్తరం రాశాను. మీరూ అదే చేయండి.

ఇళ్ళ విలువ మాట ముందు పక్కన పెట్టండి. అనుమతి ఇచ్చేవాళ్ళు చూసేది ఆ స్థలాన్ని దేనికి వాడుతున్నారు, దానివల్ల చుట్టుపక్కల ఏ ఇబ్బంది కలుగుతుంది అన్నదే. మన ఆస్తి రేటు పెరిగినా తరిగినా వాళ్ళకు పట్టదు, పట్టకూడదు కూడా. ఇంగ్లండ్ సంగతే తీసుకోండి. అక్కడి 1990 నాటి ప్రణాళిక చట్టం ప్రకారం, ఒకే నివాసంగా ఉన్న ఇంటిని రెండు లేదా అంతకన్నా ఎక్కువ విడి నివాసాలుగా విడగొట్టడం వినియోగాన్ని మార్చడం కిందికే వస్తుంది. అందుకు అనుమతి తీసుకోవాలి, పొరుగువారు అభ్యంతరాలు చెప్పుకోవచ్చు. అయితే ఆస్తి విలువ తగ్గుతుందన్నా, మా కిటికీలోంచి కనిపించే దృశ్యం పోతుందన్నా ఆ అభ్యంతరాన్ని లెక్కలోకి తీసుకోరు. వెలుతురు తగ్గడం, పక్కవాళ్ళ కిటికీ నేరుగా మన గదిలోకి తెరుచుకోవడం, శబ్దం, వాహనాల రద్దీ లాంటివైతే వింటారు. ఊరిని బట్టి నిబంధనలు మారతాయి గానీ, ఈ తేడా చాలాచోట్ల ఇలాగే ఉంటుంది.

ఎవరెవరో వస్తారన్న వాదన పనికిరాకపోవడమే కాదు, మిగతా మాటల పరువు కూడా తీస్తుంది. దాని వెనక ఉన్న చరిత్ర అంత మంచిది కాదు. అమెరికాలోని బర్క్‌లీ నగరం 1916లోనే కొన్ని పేటలను ఒక్కో కుటుంబం ఉండే ఇళ్ళకు మాత్రమే కేటాయించింది, అంటే ఫ్లాట్లలో ఉండేవాళ్ళకు అక్కడ చోటు లేదన్నమాట. 1926లో యూక్లిడ్ అనే గ్రామం కేసులో ఆ దేశ సుప్రీంకోర్టు ఇలాంటి విభజనను సమర్థిస్తూ, ఇళ్ళ మధ్య లేచే అపార్ట్‌మెంటును పరాన్నజీవి అనేదాకా వెళ్ళింది. ఇప్పుడు గాలి మారింది. అమెరికాలోనే ఉన్న మినియాపొలిస్ నగరం 2018లో ఆమోదించిన ప్రణాళికలో ఒక్కో స్థలంలో మూడు నివాసాల వరకు ఒప్పుకుంది. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ 2016లో తన నివాస భూమిలో దాదాపు నాలుగింట మూడు వంతుల మేర మునుపటికన్నా ఎక్కువ ఇళ్ళు కట్టుకోనిచ్చింది. ఆ తర్వాత అక్కడ కొత్త ఇళ్ళ అనుమతులు బాగా పెరిగాయి. ఇదంతా తెలిసిన అధికారి ముందు నిలబడి 'బయటివాళ్ళు వద్దు' అంటే ఏమవుతుందో మీరే ఆలోచించండి.

మా పక్కింటి అనుమతి మీద పెట్టిన విచారణలో జరిగింది అదే. ఒక పెద్దాయన లేచి, అద్దెకుండేవాళ్ళకు వీధి మీద మమకారం ఉండదని మొదలుపెట్టారు. ఆయన పై వాటాలో అద్దెకుంటున్న దంపతులు వెనక వరుసలోనే కూర్చుని ఉన్నారు. అప్పటిదాకా ఏదో రాసుకుంటున్న అధికారి కలానికి మూత పెట్టేసి, ఆయన మాట పూర్తయ్యేదాకా మర్యాదగా వింటూ కూర్చున్నారు.

మరి ఏం రాయాలి? ప్లాను తెప్పించుకోండి. దాన్ని బల్లమీద పరిచి, గది గదినీ వేలుపెట్టి చూడండి. ఏ అంతస్తులో ఏ గది మీద ఏ గది వస్తోంది, మీ గోడకు ఆనుకుని ఏం వస్తోంది అన్నది ముఖ్యం. మా పడకగదికి అవతల అప్పటిదాకా వాళ్ళ పుస్తకాల గది ఉండేది. కొత్త ప్లానులో అక్కడ వంటగది గీశారు. సింకు, బట్టలు ఉతికే యంత్రం రెండూ సరిగ్గా మా మంచం తలవైపు గోడకే ఆనించారు. పై అంతస్తు వంటగది కింది ఫ్లాటు పడకగది మీద పడింది. ఆ ఫ్లాటులోకి రాబోయేవాళ్ళ తరఫున అడగడానికి అప్పటికి ఎవరూ లేరు కాబట్టి అదీ నేనే రాశాను.

శబ్దం గురించి 'గోల ఎక్కువవుతుంది' అని ఊరుకోకండి, కొలతలతో అడగండి. ఇంగ్లండ్ నిర్మాణ నిబంధనల్లో, పాత కట్టడాన్ని ఫ్లాట్లుగా మార్చినప్పుడు వాటి మధ్య గోడలు, అంతస్తులు గాలిలో వచ్చే శబ్దాన్ని కనీసం 43 డెసిబెల్స్ తగ్గించాలి. కొత్తగా కట్టేవాటికైతే ఆ అంకె 45. పాత చెక్క అంతస్తులు ఏ మార్పూ లేకుండా అంత తగ్గించడం కష్టం. తివాచీ పరిస్తే అడుగుల చప్పుడు తగ్గుతుంది గానీ మాటలు ఆగవు. మీ దగ్గర ఉన్న ప్రమాణం ఏమిటో కనుక్కుని, పని పూర్తయ్యాక పరీక్ష చేయించాలని కోరండి. గదుల విస్తీర్ణమూ అంతే. అక్కడి జాతీయ ప్రమాణం ప్రకారం ఒక్కరుండే అతిచిన్న ఫ్లాటుకైనా 37 చదరపు మీటర్లు ఉండాలి. ఎక్కువ ఫ్లాట్లు కుక్కాలని చూసే యజమాని సాధారణంగా దొరికిపోయేది ఇక్కడే.

చెత్తడబ్బాలను చాలామంది మరిచిపోతారు. నన్నడిగితే రోజూ వీధిని పాడుచేసేది అవే. ఒక ఇంటికి ఉన్న డబ్బాలు అయిదు ఇళ్ళవి అయినప్పుడు అవి ఎక్కడ ఉంటాయి? ప్లానులో వాటికి చోటు చూపకపోతే ముందు గుమ్మం దగ్గరో నడకదారిలోనో చేరతాయి, మూతలు పడకుండా పొంగుతాయి. మా పక్కింటి ప్లానులో చెట్లు కూడా గీశారు గానీ డబ్బాలు లేవు. సైకిళ్ళూ అంతే.

పార్కింగ్ కష్టమని రాసేటట్లయితే పగటిపూట ఫోటో పంపకండి. అందరూ ఇళ్ళకు చేరాక రాత్రిపూట వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి, ఖాళీలు ఎన్నో, తేదీ, సమయం వేసి రాసుకోండి. దరఖాస్తుదారు ఇచ్చిన లెక్క ఎప్పుడు తీసిందో కూడా చూడండి.

గోడలు కూల్చే పని ఉంటే, ముఖ్యంగా రెండిళ్ళకూ ఉమ్మడి గోడ అయితే, పని మొదలుకాకముందే మీ గోడల్లో ఇప్పటికే ఉన్న పగుళ్ళన్నిటినీ ఫోటోలు తీసి పెట్టుకోండి. అనుమతి రావడం రాకపోవడంతో దీనికి సంబంధం లేదు, తర్వాత తగవు వస్తే పనికొస్తుంది.

చివరికి మాకేమైందంటే, అనుమతి వచ్చింది. ఒక ఫ్లాటు తగ్గింది, మా గోడ పక్కనుంచి వంటగది జరిగింది, డబ్బాలకు పెరట్లో కప్పు వేసిన చోటు చూపాలని, శబ్ద పరీక్ష ఫలితాలు ఇచ్చాకే జనం చేరాలని షరతులు పెట్టారు. నివేదికలో సంతకాల కాగితానికి దక్కింది ఒక్క వాక్యం. కొందరు పొరుగువారు దీన్ని ఓటమి అనే అనుకున్నారు. నాకు మాత్రం ఇళ్ళు పెరగడంతో పేచీ లేదు, చేతకాని ప్లానుతోనే పేచీ.

అభ్యంతరాలకు గడువు ఎప్పటిదాకా ఉందో ఈరోజే చూసుకోండి. గడువు దాటిన ఉత్తరాన్ని చదవాల్సిన బాధ్యత వాళ్ళకు ఉండకపోవచ్చు. ఉత్తరం పంపేముందు యజమానితో ఒకసారి మాట్లాడి చూడండి. మా పక్కింటాయన వంటగది సంగతి వినగానే 'అది నా కంటికి ఆనలేదు, గీసినవాడికి చెబుతాను' అన్నారు. అయినా ఆ మాటను నమ్ముకుని ఉత్తరం మానేయకండి, అందులో కూడా రాసి పంపండి.